మెట్లు దిగని బస్సు

నరసరావుపేటలో మా ఇల్లు మా కిరాణా కొట్టు పైనే. వీధిలోకి వెళ్ళాలంటే కొట్టులోకి దిగే మెట్లు ఒక్కటే దారి. కింద గల్లా దగ్గర మామయ్యగారు, చుట్టూ పల్లెల నుంచి సరుకు కోసం వచ్చినవాళ్ళు, మూటలు మోసే హమాలీలు. అందుకని మా ఇంటి ఆడవాళ్ళు కొట్టు తెరవకముందో, కట్టేశాకో బయటికి వెళ్ళడం ఆనవాయితీ. మధ్యలో దిగితే అందరూ మాట ఆపి దారి ఇస్తారు. ఆ మర్యాద కంటే నాలుగు తిట్లు నయం.

పోయిన వేసవి సెలవుల్లో, అప్పుడు కూడా నడిచే పక్క వీధి చిన్నపిల్లల బడికి టీచరు కావాలని తెలిసింది. పెళ్ళికి ముందు టీచర్ ట్రైనింగ్ చేశాను. ఆ చదువు బీరువాలో పట్టుచీరల కింద హాయిగా నిద్రపోతోంది. ఫోన్ చేస్తే, సోమవారం పదింటికి వచ్చి పిల్లలతో ఏదైనా ఆట ఆడించి చూపించమంది అక్కడి మేడమ్. ఆ ఉద్యోగం నాకు కావాలి. జీతం సంగతి తర్వాత, పగటిపూట వెళ్ళడానికి నాకంటూ ఒక చోటు కావాలి.

మా ఆయన్ని అడిగితే నాన్ననడుగు అన్నాడు. మామయ్యగారు, అలాంటివి మీ అత్తయ్య చూసుకుంటుంది అన్నారు. అత్తయ్య చపాతీలు ఒత్తుతూ, వాడి ఇష్టమే నా ఇష్టం అంది. ఎవరితో పోట్లాడాలో తెలియక ఒళ్ళు మండింది. సరే, వెళ్ళిపోవడమే అనుకున్నాను.

ఆదివారం కొట్టుకు సెలవు. మా ఐదేళ్ళ పాపా నేనూ బిస్కెట్ల అట్టపెట్టెలు పైకి తెచ్చుకుని ఆ ఆట కోసం బస్సు కట్టాం. దానికి అడుగు ఉండదు. పిల్లలు లోపల వరుసగా నిలబడి, తాళ్ళు భుజాలకు తగిలించుకుని నడుస్తారు. మైదా ఉడికించి జిగురు చేశాను. అతుకులు ఊడకుండా గోనెసంచులు కుట్టే దబ్బనంతో కుట్టాను. పళ్ళెం బోర్లించి చక్రాలు గీశాం. బోర్డు మీద మాచర్ల అని రాద్దామంటే పాప ఒప్పుకోలేదు, బడి అని రాయమంది. ఎన్ని కిటికీలు కోసినా ఇంకోటి కొయ్యమనేది. ఆ ఉక్కలో చెమటలు కారుతున్నా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. చాలా రోజుల తర్వాత నాకు సంతోషంగా అనిపించింది.

సోమవారం చీర మార్చుకుని బస్సు ఎత్తుకుంటే మెట్ల దగ్గర ఇరుక్కుంది. మెట్లకు ఒక పక్క పైదాకా నూనె పెట్టెలు పేర్చి ఉన్నాయి. రోజూ వాటి పక్కనుంచి ఒదిగి ఒదిగి దిగే నాకు ఆ సంగతే తట్టలేదు. మనిషి పట్టేంత దారి ఉంది, బస్సు పట్టదు. అడ్డంగా తిప్పాను, నిలువుగా తిప్పాను. మడిచేద్దామంది పాప. మడిస్తే ఇక బస్సేముంటుంది?

ఆ పెట్టెలు కాస్త జరిపించమని మామయ్యగారిని పైనుంచే గట్టిగా అడిగాను. కొట్టులో మాటలు ఆగిపోయాయి.

"ఏందమ్మా అది?" అన్నారాయన.

"బస్సు మామయ్యగారూ. బడికి తీసుకెళ్ళాలి."

ఆయనకు కోపమేం రాలేదు. "కారంపూడి బండికి సరుకెక్కిస్తన్నారు కదమ్మా. సాయంత్రం తీపిస్తాలే," అని మళ్ళీ బేరంలో పడ్డారు.

బస్సు వదిలేసి ఉత్త చేతులతో వెళ్ళొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. కింద అన్ని కళ్ళూ నా మీదే ఉన్నాయి. బస్సును వెనక్కి లాక్కుని తలుపు వేసుకున్నాను.

పదకొండు దాటాక మేడమ్ ఫోన్ చేసింది. "రాలేదేందమ్మా? ఇంట్లో వద్దన్నారా?"

పాప బస్సులో నిలబడి, ఒక కిటికీలోంచి నా వైపే చూస్తోంది.

"లేదండీ," అన్నాను. "ఎవరూ వద్దనలేదు."