ఇప్పపూలతో ఎండిన కాగితాలు

పంచాయితీ చేసే పంచులకు నా మనవి. నా పేరు సోమక్క. అరవై దాటాయంటారు. బస్తర్ సంస్థానంలో భోపాల్‌పట్నం పక్క ఊరు మాది. ఇంట్లో నేనూ రెండు మేకలూ. మా పొరుగింట్లో ఉండి ఫొటోలు తీసే తమ్ముడు మొన్న సంత రోజున కన్నుమూశాడు. అతని బావమరిది వచ్చి సామాను మూట కడుతున్నాడు. అందులో నాదొకటి ఉంది. అది చెప్పాలంటే ముందు తమ్ముడి సంగతి చెప్పాలి.

మా బిడ్డ అతని ఇల్లు ఊడ్చేది. ఒక ఎండాకాలం అకాల వానకు కప్పు కారి, ఫొటో కాగితాల కట్ట మెత్తబడింది. పిల్ల మంచిపనే అనుకుని, వాకిట్లో ఇప్పపూలతో కలిపి కాగితాలన్నీ ఎండబోసింది. వెలుతురు తగిలితే అవి చెడిపోతాయని మాకేం తెలుసు? చెడిపోయాయి. అతను తిట్టడానికి వస్తే ఎదురు తిట్టాలని నేను కొంగు దోపుకుని గడపలో నిలబడ్డాను.

అతను ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఎర్రమట్టి రంగు తిరిగిన దాని మీద పువ్వు ఉన్నచోటల్లా తెల్లటి మచ్చ.

"ఫొటోకు పాడయింది గని ఎండకు పాడు గాలేదక్కా," అన్నాడు.

అప్పటి నుంచి చెడిన కాగితం ఒక్కటీ పారేయలేదు. ఆకులు పరిచి, పైన అద్దం పెట్టి, ఎండలో ఉంచి, ఉప్పునీళ్లలో కడిగేవాడు. అడవిలో ఉప్పు ఎంత ప్రియమో మీకు తెలుసు. కూర చప్పగా తిని కాగితాలకు ఉప్పు పెట్టేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానని ఎగతాళి చేసేదాన్ని. నవ్వి, నా ఇంట్లోనే ఉప్పు అప్పడిగేవాడు.

ఫొటో పెట్టె ముందు నిలబడితే ఆయుష్షు తగ్గుతుందని మా బిడ్డను నేను నిలబడనివ్వలేదు. ఇది పెట్టె కాదు, ఎండ తీసే బొమ్మ అని అతను చెబితే కాగితం మీద చెయ్యి మాత్రం పెట్టనిచ్చాను. చీమలు పాకుతున్నాయని తిట్టుకుంటూనే కదలకుండా కూర్చుంది. ఆ ఏటి వానల్లోనే జ్వరంతో పోయింది.

"ఇది నీదే అక్కా. మీ ఇంట్ల పొగ, వాన. నా ట్రంకు పెట్టెల ఉండనీ," అన్నాడు తమ్ముడు. వెలుతురులో పెడితే ఆ బొమ్మలు నల్లబడిపోతాయి. నేను వెళ్లినప్పుడల్లా తలుపు మూసి, చిన్న దీపం పెట్టి, తను బయట అరుగు మీద కూర్చునేవాడు. ఎంతసేపయిందని ఒక్కనాడూ అడగలేదు. ఆ మేలు మరవను.

నిన్న బావమరిది ఆ కాగితాలను అరుగు మీద ఎండలో పరిచాడు. పొట్లాలకు అమ్ముతాడట. నేను ఉరికి వెళ్లి వాటి మీద కొంగు కప్పాను.

"ఏంది ముసలమ్మా, పారేసే రద్దీ కాగితాలకు ఇంత లొల్లి?"

"ఆ రద్దీల నా బిడ్డ ఉన్నది. తలుపు మూసి చూడు."

ఇద్దరు పెద్దమనుషులు లోపల దీపం పెట్టి చూశారు. కొడవలి తగిలి వంకరపోయిన బిడ్డ చిటికెన వేలు నేను చెప్పినట్టే ఉంది. పంచులు ఆ ఒక్క కాగితం నాకిప్పించాలి. మిగతావి కూడా ఎండలో పెట్టవద్దని చెప్పాలి. అవి తమ్ముడి చేతి పని.

దీని కింద నా వేలిముద్ర వేస్తున్నాను. నాది నల్లగా పడుతుంది. మా బిడ్డది తెల్లగా పడింది.

సోమక్క వేలిముద్ర
చూసిన సాక్షులు: లచ్చయ్య, ముత్తయ్య