అత్త పెట్టిన కొమ్మలు

పొద్దున్నే అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పరుగెత్తుతున్నాను. రోడ్డు మీద గుంతకు అడ్డంగా ఎవరో పచ్చటి వేపకొమ్మ పెట్టారు. చూసీ చూడగానే కాళ్లు దాన్ని దూకేశాయి. "అక్కా, జర చూసుకో! గుంత ఉన్నది!" అని చాయ్ బండి దగ్గర నుంచి ఎవరో అరిచారు. నాకు నవ్వాగలేదు.

ఏడేళ్లప్పుడు సెలవులకు మేనత్త ఊరు వెళ్లాను. చుట్టూ గుట్టలు, అడవి. సీతాఫలాల కోసం అత్త గంప పట్టుకుని ముందు నడిచింది. దారి చీలిన చోట, పోకూడని బాటకు అడ్డంగా కొమ్మ విరిచి వేసింది. వెనక వచ్చేవాళ్లకు అది గుర్తు. నేనేమో అడ్డంకుల పరుగు పందెంలో లాగా, దూకడానికి నా కోసమే పెట్టిందనుకున్నాను. ఒక్క గెంతులో దూకి, ఇంకో కొమ్మ ఎక్కడుందా అని తడి ఆకుల మీద జారుతూ ఉరికాను. అత్త రొప్పుతూ వచ్చి పట్టుకుంది.

"కొమ్మ ఏసిన్నంటే గటు పోవద్దని బిడ్డా! అటంత ముండ్లే!"

"దుంకుమని పెట్టినవనుకున్న అత్తా."

అత్త గంప కింద పెట్టి మరీ నవ్వింది.

మర్నాడు మేం వెళ్లే బాట మీదే, పది అడుగులకొకటి చొప్పున కొమ్మలు! గుట్ట పైదాకా దూకుతూనే పోయాను. తరతరాల గుర్తును ఆమె నా ఒక్కదాని కోసం తిరగేసిందని అప్పుడు తెలియలేదు.

సాయంత్రం ఊరి ఆడవాళ్లు ఆ రెండో బాట నుంచి, చీరలకు అంటిన ముళ్లు పీకుకుంటూ దిగారు.

"గా కొమ్మలు ఎవరు పెట్టిండ్రో ఏమో!" అంది అత్త, నా వైపు చూడకుండా.