కోరలు వంచే పద్ధతి

అమెరికాలో మా శాంటా క్లారా తెలుగువాళ్లలో కొందరు కార్లు చూపించి గొప్పలు పోతారు. మాకు తెలిసిన ఒకాయన మాత్రం ఇంటికొచ్చినవాళ్లకు పంది కోరలు చూపించేవాడు. హాల్లో అద్దాల పెట్టెలో రెండు కోరలు, గాజుల్లా గుండ్రంగా తిరిగినవి. వాటిని కలుపుతూ అల్లిన నార, దాని నిండా గవ్వలు, అంచున నల్లటి ఈకలు. న్యూగినీలో ఒక నది ఒడ్డు మనుషులు కొట్లాటకు పోయేటప్పుడు దాన్ని పళ్లతో కరిచి పట్టుకునేవారట.

ఒక శనివారం వాళ్లింట్లో డిన్నర్‌లో, నేను పళ్ల డాక్టర్‌నని కాబోలు, కోర అలా ఎలా తిరుగుతుందో ప్రత్యేకంగా నాకే చెప్పాడు. పంది చిన్నగా ఉన్నప్పుడే పై కోరల్ని కొట్టి ఊడగొడతారట. అరగదీయడానికి ఎదురు పన్ను లేక కింది కోర పెరిగి పెరిగి, వంగి, చివరికి దాని దవడలోకే దిగుతుందట. నమల్లేని ఆ పందిని ఆడవాళ్లు మెత్తటి తిండి పెట్టి సాకుతారట. నొప్పి పుట్టదా అని అడిగాను.

"పందికి నొప్పేంటి డాక్టర్‌గారూ, అలవాటైపోతుంది," అని నవ్వాడు. మగవాళ్లంతా నవ్వారు. ఆయన భార్య, నన్ను అక్కా అని పిలిచే పిల్ల, తల వంచుకుని అందరికీ పెరుగు చట్నీ వడ్డిస్తూ పోయింది.

సోమవారం పొద్దున్నే ఆయనే ఆమెను నా క్లినిక్‌కి తీసుకొచ్చాడు. బాత్‌టబ్‌లో జారిపడిందట, ఒంటి మీద ధ్యాస ఉండదట. ఆయన్ని బయట కూర్చోబెట్టి ఆమె నోరు తెరిపించాను. పైన ముందు పన్ను లోపలికి ఒరిగిపోయి చిగుళ్లకు వేలాడుతోంది. పక్కది సగానికి విరిగింది. పెదవి లోపల చీలింది. గడ్డం మీద మాత్రం గీత కూడా లేదు. టబ్ అంచుకు తగిలితే ముందు పగిలేది గడ్డమే. ఎక్స్‌రేలో దవడ ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని కనిపించింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ఎవరు కొట్టారని అడిగాను. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉందక్కా. అప్పటిదాకా పంటి బిగువున ఉంటా."

"బిగించడానికి పళ్లుండాలి కదే," అన్నాను.

ఇలాంటి దెబ్బలు చూసిన డాక్టర్ ఇక్కడ పోలీసులకు చెప్పి తీరాలి. తను వద్దన్నా చెబుతానన్నాను. చంపేస్తాడక్కా అంటూ నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని ఫోన్ చేశాను. నా గొంతు పెద్దది, గోడ అవతలికి వినిపించింది.

తలుపు తోసుకుని వచ్చాడు. ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాడు. అడ్డం వెళ్లిన నన్ను నెట్టేస్తే పరికరాల ట్రేతో సహా కింద పడ్డాను. ఆమె జుట్టు పట్టి కుర్చీలోంచి ఈడ్చి, అరవకుండా నోరు మూయబోయాడు. ఆ చేతిని ఆమె కరిచింది. నోరంతా మత్తు, నొప్పి తెలియదు. ఆయన రెండో చేత్తో తల మీద గుద్దుతున్నాడు, గుద్దేకొద్దీ ఆమె ఇంకా బిగించింది. అరుపులన్నీ ఆయనవే. పోలీసులు వచ్చి విడదీసేసరికి ఆ వేలాడే పన్ను ఊడి, ఆయన అరచేతి కండలో దిగబడి ఉంది.

నాకు సంతోషం వేసింది. అంతకన్నా మర్యాదైన మాట దొరకడం లేదు.

పోలీసామె ఏం జరిగిందని నన్నడిగింది. నేను జవాబు చెప్పేలోపే ఆ పిల్ల నెత్తురు ఉమ్మేసి, ముద్దముద్దగా వస్తున్న మాటలతో తనే మొదలుపెట్టింది. పెళ్లయిన వారం నుంచి.