సర్ఫ్‌తో కడిగిన గింజలు

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

మా ఆయన పోయాక వరంగల్‌లో ఒక కాలేజీ ల్యాబులో ఊడ్చే పనికి కుదిరాను. అక్కడ స్వప్న అనే అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. పాత బ్యాటరీల యాసిడ్ నీళ్లలోంచి సీసం విషాన్ని లాగేసే గింజలు తయారుచేసేది. చూడ్డానికి సగ్గుబియ్యంలా ఉంటాయి.

ఒకరోజు పళ్లెంలో ఆరబెట్టిన గింజలు జిడ్డుగా కనిపించాయి. నూనె ఒలికిందనుకుని, పిల్ల సంతోషపడుతుందని సర్ఫ్ వేసి శుభ్రంగా కడిగిపెట్టాను. ఆ జిడ్డే విషాన్ని పట్టే మందట!

మర్నాడు గింజలు పనిచేయలేదు. ఆమె పరిశోధన చూసే సారు అందరి ముందే, "మందు పట్టించుడు గూడ రాదా నీకు?" అని ఆమెను తిట్టాడు. చీపురు పట్టుకుని అక్కడే ఉన్నాను; నేను కడిగేసిన జిడ్డే ఆ మందని అప్పుడు అర్థమైంది. పని పోతుందని నోరు మెదపలేదు.

వారం రోజులు ఆ పిల్ల తిండి మాని తన తప్పేమిటో వెతుక్కుంది. ఆఖరికి చూడలేక ఏడుస్తూ చెప్పేశాను.

"కడిగితే కడిగినవ్ గని అమ్మా, ఆ రోజే చెప్పొద్దా? నాకీ చదువు రాదు, ఇంటికొస్తున్న అని పొద్దుగాలనే మా నాయినకు ఫోన్ చేసిన" అంది.

ఆమె చదువు మానలేదు. కానీ నా కూలి కోసం, ఒక ఆడపిల్లకు తన మీద తనకే నమ్మకం పోతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఆ సిగ్గు ఇంకా నన్ను వదల్లేదు.