తోక లేని మూత

నిన్న సాయంత్రం మా ఇంటి వెనక సందులో టెంట్‌హౌస్ వాళ్ళ జనరేటర్ మొరాయించింది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఒక మూలుగు, ఆ తరువాత నిశ్శబ్దం. చేతిలోని చేట పక్కన పెట్టి లెక్కపెట్టాను. పద్నాలుగుసార్లు కొట్టారు. పదిహేనోసారికి అందుకుంది. డీజిలు పొగ గదిలోకి వచ్చింది. మా కోడలు కిటికీ వేయబోతే వద్దన్నాను. ఆ వాసన వస్తే నాకు మస్తాన్ గారు గుర్తుకొస్తారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళ నాలుగు నెలలయింది.

అద్దంకిలో ఆయనకు మెకానిక్ షాపు ఉండేది. పొలాల్లో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు, ట్రాక్టర్లు, అప్పుడప్పుడు వాడరేవు నుంచి వచ్చే బోట్ల ఇంజన్లు విప్పి బాగుచేసేవారు. నేను చర్చి బడిలో పందొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పాను. బడి మూతపడ్డాక, నలభై ఆరో ఏట, ఆయన దగ్గర పనికి చేరాను. ఏ బోల్టు ఎక్కడిది, ఏ ముక్క ఎంత అరిగింది, ఏ రోజు ఎవరు బిగించారు అన్నది పుస్తకంలో రాయడం నా పని. ఇనప పనికి ఆడమనిషి ఎందుకని ఎవరో అడిగితే ఆయన నవ్వి, "మావాళ్ళు విప్పడంలో మొనగాళ్ళేనండి. బిగించాక రెండు బోల్టులు మిగులుతాయి. టీచరమ్మ వచ్చాక మిగలట్లేదు" అన్నారు. నన్ను ఆయన ఎప్పుడూ టీచరమ్మా అనే పిలిచారు.

ఆ షాపులో ఒక కట్టుబాటు ఉండేది. విప్పిన ఇంజనులో నోరు తెరుచుకుని ఉన్న ప్రతి గొట్టాన్నీ గుడ్డతో మూయాలి, దుమ్ము పోకుండా. ఆ గుడ్డ ఎర్రదే అయి ఉండాలి, జానెడు తోక బయటికి వేలాడాలి. ఆయన భార్య పాత ఎర్రచీరలు చించి పేలికలు పంపేది. తోక లేకుండా ఏ నోరూ మూయకూడదు. పెట్టినప్పుడు ఎన్ని పెట్టారో రాసేదాన్ని. తీసినప్పుడు ఎన్ని తీశారో రాసేదాన్ని. రెండూ కలిస్తేనే ఇంజను కదిలేది. ఎనిమిదేళ్ళలో నా లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఆ సంగతి నాకు తెలుసు, అందరికీ తెలుసు. అదే ముప్పు తెచ్చింది.

వాడరేవులో కోటయ్య అని బోటు యజమాని. వేసవిలో సముద్రం మీద వేట ఆపేసే రోజుల్లో తన బోటు ఇంజను మా షాపులో దించాడు. రింగులు, బేరింగులు, నాజిళ్ళు మార్చి మళ్ళీ బిగించాం. షాపులో రెండో సెల్ఫుకే అందుకుంది. వేట నిషేధం మర్నాడు తెల్లవారుజామున ముగుస్తుందనగా శనివారం పొద్దున ఇంజనుకు పదకొండు గుడ్డలు పెట్టి, జిన్నింగ్ మిల్లుకు పత్తి తోలే బండి మీద ఎక్కించాం. పొగ గొట్టం తాలూకు వంపు ముక్క విడిగా నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. దారి పొడవునా మా ముందు మిరపకాయ టిక్కీ బస్తాల లారీ. కళ్ళు మండే దుమ్ము. ఆ వంపు ముక్కలోకి దుమ్ము పోతుందేమోనని నాకు దిగులు పట్టుకుంది. ఎర్రగుడ్డలు వెనక పెట్టెలో ఉన్నాయి. బండి ఆపమనడం ఎందుకని, సీటు సందుల్లో చిక్కుకున్న పత్తి పీకి, ఉండ చుట్టి, ఆ గొట్టంలోకి లోతుగా కుక్కాను. అంత జాగ్రత్త ఇంకెవరూ పడరని మనసులో అనుకున్నాను కూడా.

బోటులో ఇంజను కూర్చోబెట్టేసరికి పన్నెండున్నర. ఫిట్టరు ప్రసాదు గుడ్డలు ఒక్కొక్కటే తీసి నా చేతికిచ్చాడు. పదకొండు. వంపు ముక్కకు తోకేమీ లేదు కనుక అలాగే బిగించేశాడు. సెల్ఫ్ కొడితే ఇంజను తిరిగింది, అందుకోలేదు. బయటికి పొగ కూడా రాలేదు. పొగ లేదంటే డీజిలు అందట్లేదని ప్రసాదు పైపుల్లో గాలి తీశాడు. మళ్ళీ తీశాడు. మస్తాన్ గారు నాజిల్ దగ్గర నట్టు వదులు చేసి చూస్తే డీజిలు బాగానే చిమ్ముతోంది. బ్యాటరీ నీరసపడుతోంది. ఒడ్డున ఐసు దిగింది, ఆరుగురు కలాసీలు వలలు సర్దుకుని కూర్చున్నారు. రెండు నెలలుగా వేట లేని ఇళ్ళు వాళ్ళవి.

"ఏం మస్తానూ! నీ షాపులో కూసిన కోడి మా రేవుకొచ్చి మూగబోయిందేం?" అన్నాడు కోటయ్య. తరువాత ప్రసాదు మీదికి తిరిగాడు. "ఒరేయ్, ఇదేమన్నా మిరపతోటకు నీళ్ళు తోడే ఇంజననుకున్నావా? తెల్లారి ఊరి బోట్లన్నీ పోతంటే నా వాళ్ళు ఇసుకలో గవ్వలేరుకోవాలా?"

ప్రసాదు తల దించుకుని, "పొగ గొట్టం ఒకసారి విప్పి చూద్దామా భాయ్?" అన్నాడు.

మస్తాన్ గారు నావైపు చూశారు. "గుడ్డలు ఎన్ని టీచరమ్మా?"

"పెట్టినవి పదకొండు, తీసినవి పదకొండు" అని చదివాను.

"టీచరమ్మ లెక్క తప్పదురా. పొగ దారిలో అడ్డేం లేదు. పంపు దింపుదాం."

డీజిలు కొట్టే ఆ పంపు దింపితే దాని టైమింగు మళ్ళీ కుదర్చడానికి రెండు రోజులు. ప్రసాదు స్పానరు అందుకున్నాడు. పుస్తకం మూయబోతుంటే నా వేళ్ళ మధ్య పత్తి పోగు ఒకటి కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది.

ఇది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను: నేను వెంటనే చెప్పలేదు. ప్రసాదు రెండు నట్లు విప్పాడు, మూడోది బిగుసుకుంటే కోటయ్య మళ్ళీ తిట్టాడు, ప్రసాదు స్పానరు మార్చుకున్నాడు. నేను పుస్తకాన్ని గుండెలకు ఆనించుకుని నిలబడ్డాను. పది నిమిషాలు. గడియారం చూస్తూనే ఉన్నాను. చివరికి, "మస్తాన్ గారూ, ఆ వంపులో పత్తి పెట్టాను. పుస్తకంలో లేదు" అన్నాను.

ఆయన దిగి, బోటు పక్కకు వెళ్ళి, పొగ గొట్టం నోటికి అరచెయ్యి ఆనించి, "కొట్టరా" అన్నారు. ప్రసాదు కొట్టాడు. ఆయన చెయ్యి తీసి, "ఊపిరి రావట్లేదు. పీల్చుకుంటోంది గానీ వదిలే దారి లేదు. విప్పు" అన్నారు. నూనెతో తడిసి, గొట్టం సన్నబడే చోట బిగుసుకుపోయిన పత్తిని కొక్కెంతో లాగారు. నట్లు బిగించి సెల్ఫ్ కొడితే ఇంజను ఒక్కసారిగా అందుకుంది. కలాసీలు కేకలు వేశారు.

"ఎవరు పెట్టారిది?" అన్నాడు కోటయ్య.

"మా షాపు పెట్టింది" అన్నారు మస్తాన్ గారు.

"నేనండీ" అన్నాను. కోటయ్య నన్ను ఎగాదిగా చూసి, ప్రసాదు భుజం మీద చెయ్యి వేసి టీ తాగుదువు రారా అని తీసుకుపోయాడు.

తిరుగు ప్రయాణంలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చీరాల దాటాక ఆయన, "పొగ పోయే దారికి దుమ్మేం చేస్తుందమ్మా, దుమ్మునే బయటికి ఊదేది కదా అది" అన్నారు. కోపం లేదు. "ఎప్పుడు గుర్తొచ్చింది?" అని అడిగారు.

"చెప్పడానికి పది నిమిషాల ముందే" అన్నాను.

ఆయన తలూపారు. "పత్తి సంగతి పుస్తకంలో రాయండి. పదకొండు కొట్టేయొద్దు, దాని కిందే రాయండి. పది నిమిషాలు రాయక్కర్లేదు, అది మీకు గుర్తుంటుంది. ఇంకోటి కూడా రాయండి. మస్తాను గొట్టం మీద చెయ్యి పెట్టి చూడకుండా లెక్క నమ్మాడు, అని."

"అది మీ తప్పెలా అవుతుందండీ?"

"ప్రసాదు అడిగాడు కదమ్మా. వాడి మాట వినలేదు కదా నేను."

బండి కుదుపుల్లో రెండు వాక్యాలూ రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. సోమవారం షాపులో అందరి ముందూ ప్రసాదుకు క్షమాపణ చెప్పాను. "పోనీలెండి టీచరమ్మా" అని వాడు పనిలో పడ్డాడు. ఆ తరువాత ఇంకా పదకొండేళ్ళు నేను ఆ పుస్తకం రాశాను. మస్తాన్ గారు నా లెక్క అడగడం మానలేదు. విన్నాక లేచి వెళ్ళి చెయ్యి పెట్టి చూడడం కూడా మానలేదు. మొదట్లో నాకది గుచ్చుకునేది. పోనుపోను, ఆయన లేచేలోపే నేనే వెళ్ళి చూడసాగాను.

ఇప్పుడు మా చర్చి ఆదివారం బడి పిల్లల్ని ఏడాదికోసారి సముద్రానికి తీసుకెళ్తాం. తిరిగి బస్సెక్కాక పాస్టరు గారు పేర్లు పిలుస్తారు, పిల్లలు పలుకుతారు, ముప్పై రెండూ సరిపోతాయి. పోదామా అని డ్రైవరు వెనక్కి చూస్తాడు. ఉండవయ్యా అని, సీటు పట్టుకుని లేచి, వరస వెంట నడుస్తూ ఒక్కొక్క తల మీద చెయ్యి పెడతాను. ప్రార్థన చేస్తున్నాననుకుని పిల్లలు కళ్ళు మూసుకుంటారు.