గోదురుకప్పల ఊళ్లో మొదటి ప్రశ్న

"ఆ పిల్లల్లో ఒక్కడికైనా నీ పేరు తెలుసట్రా?"

డెల్బర్ట్ స్ట్రౌడ్‌ని ఈ మాట అడిగింది సొంత అక్క వర్లీన్. 2009 సెప్టెంబరులో, టైర్ల కొట్లో, కొనడానికొచ్చినవాళ్ల ముందే. ఆ శనివారం ఊరి కాలేజీ పిల్లల ఫుట్‌బాల్ ఆట ఉంది. డెల్బర్ట్ మొహానికి ఆకుపచ్చ రంగు పూసుకుని, ఇంకా పది గంటలైనా కాకముందే తన వైపు షట్టరు దించబోతున్నాడు. వయసు యాభై రెండు. అక్క మాటకి అతను అట్టముక్కతో మొహం విసురుకున్నాడు. రంగు ఆరకముందు నోరు తెరిస్తే మొహం చారలు పడుతుంది.

ఆర్కాన్సాలో సోయా చేల మధ్యనున్న కాల్డర్ ఊరికి ఒక కాలేజీ, ఆ కాలేజీకి ఒక ఫుట్‌బాల్ జట్టు. కాలితో తన్నేది కాదు, బంతిని చేత్తో పట్టుకుని దూసుకుపోయే అమెరికా ఫుట్‌బాల్. జట్టు పేరు గోదురుకప్పలు. గిట్టనివాళ్లు వెక్కిరించి పెట్టిన పేరు కాదిది. పూర్వం నది పొంగినప్పుడు మోకాలి లోతు నీళ్లలో ఆడి గెలిచామని వాళ్లకి వాళ్లే గర్వంగా పెట్టుకున్నారు. శనివారం మధ్యాహ్నమైతే ఇరవై వేలమంది, అందులో సగం మనవల్ని ఎత్తినవాళ్లే, ఒక్క గొంతుతో బెకబెకమంటారు. ఆదివారం చర్చిలో పక్కవాడు దగ్గితే గుడ్లురిమి చూసేదీ ఈ మనుషులే. ఏమిటిదంటే సంప్రదాయం అంటారు. ఒళ్లు తెలిసిన మనిషి చెయ్యని పనికి కాస్త పాతవాసన పట్టిస్తే చాలు, సంప్రదాయమైపోతుంది.

డెల్బర్ట్ ఆ జట్టులో ఎప్పుడూ ఆడలేదు. ఆ కాలేజీలో ఒక్క టర్ము చదివాడు. జట్టులో చేరబోతే రెండు వారాలు పరిగెత్తించి, "నీ ఒళ్లు ట్రాక్టరు మీద కూర్చోడానికి బాగుంటుందబ్బాయ్" అని ఇంటికి పంపేశారు. అలా పొమ్మన్నవాళ్లనే జన్మంతా పట్టుకు వేలాడడానికి చాలా పట్టుదల కావాలి. అది అతనికుంది. తండ్రి పోతూ హైవే పక్కనున్న టైర్ల కొట్టు అక్కకి సగం, తమ్ముడికి సగం రాసిపోయాడు. వర్లీన్ తన సగంతో బతికింది. డెల్బర్ట్ తన సగం కప్పలకి మేపాడు.

ఊళ్లో పెద్దమనుషులకి ఒక క్లబ్బుంది. ఆటల రోజుల్లో ప్రతి మంగళవారం మధ్యాహ్నం చేపల హోటల్లో చేరతారు. వాలుగచేప వేపుడు, మొక్కజొన్న పిండి ఉండలు, పాకంలా తియ్యగా ఉండే చల్లటి టీ. జట్టు కోచ్ వచ్చి శనివారం ఆటని గోడమీద వేసి చూపిస్తాడు. ఎందుకు ఓడామో చెబుతాడు. ఆ తర్వాత ప్రశ్నలు. అక్కడ ఒక రివాజుంది. ఆ ఏడాది జట్టుకి ఎవడు ఎక్కువ డబ్బిస్తే మొదటి ప్రశ్న వాడిది. మిగతావాళ్లు ఇచ్చుకున్నదాన్ని బట్టి వెనక. ఏమీ ఇవ్వనివాడు చేప తిని వెళ్లిపోవచ్చు.

కొన్నేళ్లుగా మొదటి ప్రశ్న డెల్బర్ట్‌దే. అతని జీవితంలో మొదటిది అనదగ్గది అదొక్కటే. అడిగేది మాత్రం ప్రతి వారం ఒకటే.

"కోచ్, ఇంకో రెండు గజాలు కావాల్సొచ్చినప్పుడు బంతి అంత దూరం విసురుతారెందుకు? పట్టుకుని దూసుకుపోవచ్చు కదా?"

"మంచి ప్రశ్న డెల్బర్ట్" అనేవాడు ముసలి కోచ్ టల్. వచ్చే శనివారం మళ్లీ విసిరేవాడు. డెల్బర్ట్‌కి ఆ 'మంచి ప్రశ్న' చాలు. వారమంతా దాన్ని లవంగంలా బుగ్గనపెట్టుకు తిరిగేవాడు.

టల్ ఏటా ఆరు ఆటలు గెలిచి ఆరు ఓడేవాడు. ఆ ఊరికి, ఆ కాలేజీకి, అక్కడ చేరే పిల్లలకి అది న్యాయమైన లెక్కే. క్లబ్బుకి మాత్రం అది తలవంపు. మూడు సీజన్లు చూసి, నాలుగోది మొదలయ్యేలోగా ముసలాయనకి ఒక ఊగే కుర్చీ బహూకరించి, కళ్లు తుడుచుకుని, సాగనంపారు.

2012లో బ్రాంట్ లైల్ వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లు. పళ్లు తెల్లన, మాట మెత్తన. మొదటి మంగళవారమే చెయ్యి గుండెమీద పెట్టుకుని, "ఇది జట్టు కాదు, ఒక కుటుంబం" అన్నాడు. బయటివాడొచ్చి మన ఎదుట కుటుంబం అన్నాడంటే వాడి రెండో చెయ్యి ఎక్కడుందో చూసుకోవాలి. క్లబ్బులో ఎవరూ చూసుకోలేదు. ఆ ఏడు తొమ్మిది ఆటలు గెలిచారు. గెలిచినవాళ్లంతా టల్ ఏరి తెచ్చి మలిచిన పిల్లలే. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. కప్పలు డిసెంబరులో సముద్రపు ఒడ్డున మొబైల్ నగరందాకా వెళ్లి టీవీలో ఆడారు. డెల్బర్ట్ అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని, నాలుగు రోజులు బేరాలకి పలక మీద రాసి చూపించాడు.

జనవరిలో క్లబ్బు అధ్యక్షుడు, కార్ల వ్యాపారి హోయ్ట్ పెన్‌రోజ్ లేచి, "పెద్ద కాలేజీలు మనవాణ్ణి ఎత్తుకుపోతాయి. కట్టి పడెయ్యాలి" అన్నాడు.

కట్టి పడెయ్యడమంటే ఏడేళ్ల ఒప్పందం, ఏడాదికి ఆరు లక్షల డాలర్లు. మధ్యలో తీసేస్తే మిగిలిన ఏళ్ల జీతమూ ఇవ్వాలి. తనంతట తాను పోతే ఏమీ లేదు. తీసేశాక ఇంకోచోట ఉద్యోగంలో చేరినా ఇక్కడి జీతం ఆగకూడదు. ఈ చివరి మాట లైల్ తరఫు వకీలు పెట్టించాడు. క్లబ్బువాళ్లు దాన్ని మర్యాద అనుకున్నారు. కాలేజీ అధ్యక్షురాలు అప్పటికి ఫ్రెంచి, సంగీతం శాఖలు మూసేసి, చరిత్ర శాఖని ఒక్క గదిలోకి కుదించి ఉంది. ఆవిడ ఒక్క మాటే అడిగింది. "మధ్యలో తీసెయ్యాల్సొస్తే ఆ డబ్బు ఎవరిది?"

"మాది" అన్నాడు హోయ్ట్. సంతకాలు చేసినవాళ్లంతా ఒప్పుకుంటేనే కోచ్‌ని తీసెయ్యాలి, తీసేస్తే వాళ్లే కట్టాలి. అదీ పత్రం.

అందరూ మాటిచ్చి సంతకం చేశారు. డెల్బర్ట్‌కి మాట ఒక్కటే సరిపోలేదు. ధాన్యం గాదెలు అమ్మే రస్ కెటరింగ్ అనేవాడు ఆ ఏడు తనకన్నా ఎక్కువ రాయబోతున్నాడని తెలిసింది. అంటే మొదటి ప్రశ్న చేజారినట్టే. దాంతో డెల్బర్ట్ తన సగం కొట్టుని బ్యాంకులో తాకట్టు పెట్టి, రెండు లక్షల నలభై వేలకి పూచీ రాసిచ్చాడు. రాసే ముందు అక్క దగ్గరికి వెళ్లాడు. ఆవిడ లారీ టైరు మీద వంగి ఉంది.

"నువ్వూ ఒక సంతకం పెడితే బ్యాంకు వెంటనే ఒప్పుకుంటుందక్కా."

"నా సంతకం పెళ్లికోసారి, విడాకులకోసారి పెట్టాను. రెండుసార్లూ నష్టమే. మూడోది కప్పలకా?"

"నష్టమేముందే? ఆయన్ని తీసేస్తేనే కదా కట్టేది. తొమ్మిది ఆటలు గెలిచినవాణ్ణి ఎవడు తీసేస్తాడు?"

"మీరే."

"నీకు ఆట తెలీదక్కా."

"ఆట తెలీదు. నువ్వు తెలుసు. నీ సగం పోతే గాలి పంపూ లిఫ్టూ నీ వైపే ఉన్నాయి. అప్పుడు నేను నోటితో ఊదాలా టైర్లకి?"

ఆ మర్నాడు అతను బ్యాంకుకి వెళ్లాడు.

ఆ మరుసటి సీజన్లో ఒక సాయంత్రం టెరెల్ ఓడమ్ అనే ఆటగాడు కొట్టుకి వచ్చాడు. నిండా ఇరవయ్యేళ్లు లేవు, తలుపు నిండా ఉన్నాడు. మొబైల్ నగరంలో ఆడినవాడు. కారు నాలుగు టైర్లూ గుండు కొట్టించుకున్నట్టు ఉన్నాయి. తల్లికి జబ్బుగా ఉందట, వారం వారం నూట యాభై మైళ్లు పోయి రావాలి.

"టైర్ల సార్, పాతవేమైనా ఉంటే..."

టైర్ల సార్. పేరు కాకపోయినా పిలుపు ఉంది కదా అని డెల్బర్ట్ మురిసిపోయాడు. అంతలోనే రూలు గుర్తొచ్చింది. ఆటగాడికి క్లబ్బు మనిషి ఊరికే ఏమీ ఇవ్వకూడదు. ఇస్తే పై సంఘంవాళ్లు జట్టు గెలుపులు రద్దు చేస్తారు.

"ఒక్క పాత టైరిచ్చినా మన తొమ్మిది గెలుపులూ పోతాయి బాబూ."

"పోనీ, కాస్త తగ్గించి ఇవ్వండి సార్."

"తగ్గించినా తప్పే."

"మరి కోచ్ గారి కొత్త పడవకి ట్రెయిలర్ టైర్లు మీరే వేయించారటగా?"

"కోచ్ ఆటగాడు కాదుగా బాబూ."

కుర్రాడు ఆ గుండు టైర్లతోనే వెళ్లబోయాడు. వర్లీన్ పక్కనుంచి అంతా విని, తన వైపున్న పాత టైర్లలో రెండు అతనికి అమ్మింది. రూలుకి భయపడి కాదు గానీ, పూర్తి ధరకే అమ్మింది. ఆవిడ కూడా దేవత కాదు.

ఆ సీజను అయిదు గెలిచారు. ఆ తర్వాతిది మూడు. 2015లో రెండు, అందులో ఒకటి అవతలి జట్టు బస్సు చెడిపోయి సగంమందితో ఆడింది. టల్ పిల్లలు చదువు ముగించి వెళ్లిపోయారు. లైల్ తెచ్చినవాళ్లకి జుట్టు తప్ప ఏమీ లేదు. లైల్‌కి మాత్రం ఏ చింతా లేదు. ఓడినకొద్దీ రంగు తేలాడు. గోడమీద ఓటమి చూపిస్తూ మొక్కజొన్న ఉండ నోట్లో వేసుకుని, "ఇక్కడ పిల్లలు చాలా నేర్చుకున్నారు" అనేవాడు. ఓడినవాడికి జీతం ఖాయం చేసి, గెలవలేదేమని ఏడ్చే తెలివి ఒక్క కాల్డర్‌లోనే దొరుకుతుంది.

నవంబరులో ఒక మంగళవారం డెల్బర్ట్ తన పాత ప్రశ్న వదిలేసి కొత్తది అడిగాడు.

"కోచ్, మీరెప్పుడు వెళ్తారు?"

లైల్ నవ్వాడు. "మీరెప్పుడంటే అప్పుడే డెల్బర్ట్. పత్రం మీ దగ్గరుంది. మా ఆవిడ ఫ్లోరిడాలో ఇల్లు కూడా చూసి పెట్టుకుంది."

అది మంచి ప్రశ్న అని మాత్రం అనలేదు.

సీజను ముగిశాక వచ్చిన మంగళవారం లైల్‌ని పిలవలేదు. సంతకాలు చేసినవాళ్లే కూర్చున్నారు. చేతులెత్తితే లైల్ పోతాడు. ఒక్కడు ఎత్తకపోయినా ఉంటాడు. డెల్బర్ట్ తప్ప అందరి చేతులూ లేచాయి. వాళ్లవి మాటలు. అతనిది కొట్టు. ఆ తేడా ఆ క్షణంలో అతనికి తెలిసింది. చెయ్యి బల్లమీదే ఉంచుకున్నాడు.

వంటింటి తలుపులోంచి వర్లీన్ వచ్చింది. గ్రీజు మరకల ఏప్రనుతోనే వచ్చింది. ఆ గదిలోకి ఆడవాళ్లు చేపల పళ్లెంతో తప్ప రారు.

"ఒరేయ్, చెయ్యి ఎత్తకు. అంతే. నీకు చేతకాని పనేమీ చెప్పట్లేదు. ఊరికే కూర్చో."

"అమ్మా వర్లీన్, ఇది క్లబ్బు వ్యవహారం" అన్నాడు హోయ్ట్.

"నీ కార్ల కొట్టు నీ పెళ్లాం పేర పెట్టుకుని క్లబ్బు వ్యవహారమంటావా హోయ్ట్? నువ్వెంత కడతావో ఈ చేపకి కూడా తెలుసు."

ఎవరో కిసుక్కున నవ్వారు. హోయ్ట్ డెల్బర్ట్ వైపు తిరిగి, చాలా దయగా అన్నాడు. "భయమైతే చెప్పు డెల్బర్ట్. తప్పులేదు. వచ్చే ఏడు మొదటి ప్రశ్న రస్‌కి ఇచ్చేద్దాం. నువ్వు రెండోది అడుగుదువుగాని."

డెల్బర్ట్ రస్‌ని చూశాడు. రస్ ఉండ కొరుకుతూ కళ్లు దించుకున్నాడు. డెల్బర్ట్ అక్కని చూడలేదు. చెయ్యెత్తాడు.

అందరూ లేచి భుజం తట్టారు. ఒకరిద్దరు బెకబెకమన్నారు కూడా. వర్లీన్ వచ్చిన దారినే పోయింది, పోతూ అతని పళ్లెంలో చేపముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

లైల్ ఫ్లోరిడా వెళ్లి అక్కడ ఇంకో కాలేజీలో సహాయక కోచ్‌గా చేరాడు. ఇక్కడి జీతం ఆగలేదు. కట్టాల్సినవాళ్లలో ఇద్దరు ఊరు మారారు, ఒకాయన దివాలా తీశాడు. హోయ్ట్ వకీలు, మాటిచ్చిన సంతకం వేరు, పూచీ సంతకం వేరు అని వాదించి గెలిచాడు. పూచీ సంతకం ఒక్కటే ఉంది, డెల్బర్ట్‌ది. 2017 వసంతంలో బ్యాంకు డెల్బర్ట్ సగాన్ని వేలం వేసింది. ఊళ్లో ఎవరూ పాడలేదు, సగం కొట్టు ఎవడిక్కావాలి? వర్లీన్ సగానికి సగం ధరకి పాడుకుని, గాలి పంపు, లిఫ్టు, తమ్ముడు మూడూ తన వైపుకి తెచ్చుకుంది. తమ్ముడికి గంటకి పదకొండు డాలర్లు. శనివారాలు సెలవివ్వదు.

కొత్త కోచ్ పేరు మాట్. 2018 సీజను ఆరు గెలిచాడు, ఆరు ఓడాడు. క్లబ్బువాళ్లకి మళ్లీ ఆశలు పుట్టి, అతనికి ఎన్నేళ్లు రాసివ్వాలా అని లెక్కలేసుకుంటున్నారు. మొదటి ప్రశ్న రస్ అడుగుతున్నాడు. డెల్బర్ట్ భోజనం వేళ దొరికిన అరగంటలో వచ్చి వెనక గోడకానుకుని నిలబడి చేప తింటాడు. ఈ క్లబ్బు గురించి ఎవరైనా చిన్న మాటంటే ఇప్పటికీ కొట్టడానికొస్తాడు.

లైల్‌కి ఇవ్వాల్సినదాంట్లో డెల్బర్ట్ వంతు, వేలం డబ్బు పోగా, ఇంకా తొంభై నాలుగు వేల డాలర్లు బాకీ ఉంది.