వాగులో మూడు రాళ్ళు

జూన్ రెండో వారంలో సరిహద్దు ఆర్మీ పోస్టుకు చేరాను. ఎత్తు పదిహేను వేల అడుగులు దాటింది. పొద్దున పదకొండు గంటలు. ఎండ చర్మాన్ని కాలుస్తోంది, నీడలోకి జరిగితే పళ్ళు టకటకలాడుతున్నాయి. కిట్‌బ్యాగు భుజానికెత్తుకుని ఇరవై అడుగులు వేసి కూలబడ్డాను. ఊపిరి అందలేదు.

ఎదురుగా సరస్సు. నీలంగానే ఉంది. బెంగళూరులో నన్ను అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. అవును, ఫోటోల్లో ఉన్నట్టే నీలం. పేరు మాత్రం రాయను. రాస్తే మీరు బయలుదేరతారు.

నేను వెహికల్ మెకానిక్‌ని. బెంగళూరు పక్కన ఆనేకల్‌లో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. ఆటోమొబైల్ డిప్లొమా చేసి ఆర్మీలో చేరాను. పోస్టులో నా పూచీ: రెండు జీపులు, ఒక జనరేటర్, ఒక నీటి పంపు, వాటి విడిభాగాల పెట్టె. పడుకోవడానికి రాతి బంకర్. పక్క మంచం డ్రైవర్‌ది. నాయక్ ర్యాంకు, ముళబాగిలు దగ్గరి మనిషి.

"యాడప్పా మనది?" అన్నాడు మొదటి రోజు, నేను తల పట్టుకుని పడుకుని ఉంటే.

"ఆనేకల్ అన్నా."

"అట్ల చెప్పు! మన పక్కోడివే. రెండేండ్లాయె నేను తెలుగు మాట్లాడి. ఈడ గాడిదలకి కూడా లద్దాఖీనే వస్తాది."

మా పోస్టు నుంచి కింది క్యాంపుకు పంతొమ్మిది కిలోమీటర్లు. డాక్టర్, రేషన్, ఉత్తరాలు అన్నీ అక్కడే. దాన్ని రోడ్డు అనకూడదు. పోస్టు దాటాక మూడు కిలోమీటర్లకు వాగు. తర్వాత ఇసుక. తర్వాత ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క ఏమీ లేని చరియ. చివరి ఆరు కిలోమీటర్లు తలకాయలంత గుండ్రాళ్ళు. టైర్లలో గాలి తగ్గించి, లో గేరులో, అన్నీ బాగుంటే మూడు గంటల ప్రయాణం.

అన్నిటికన్నా వాగే కష్టం. మంచు కరిగి వచ్చే నీళ్ళవి. సిమెంటు కలిపిన నీళ్ళలా ఉంటాయి, అడుగు కనిపించదు. పైగా అడుగు కదులుతూ ఉంటుంది. నిన్న గట్టిగా ఉన్న చోట ఈరోజు గుంట. అందుకే అక్కడ ఒక పద్ధతి ఉంది. పొద్దున మొదటి బండిలో వెళ్ళినవాడు కర్రతో వాగులోకి దిగి గట్టి నేల వెతుకుతాడు. దొరికిన చోట రెండు ఒడ్డుల మీదా మూడు రాళ్ళు ఒకదానిమీద ఒకటి పెడతాడు. కింద పెద్దది, నడుమ చిన్నది, పైన పలక రాయి. పలకకు సున్నం. ఆ గుర్తుకు కుడిపక్కన చక్రం దించాలి. పాత గుర్తు ఉంటే కూల్చాలి. వాగు పొడవునా ఒడ్డుకు ఒక్క గుర్తే ఉండాలి.

"కన్ను అబద్ధం చెప్తాది, రాయి చెప్పదు" అనేవాడు డ్రైవర్.

ఆయన బండి తోలే తీరు నేను ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో బూటులోంచి బొటనవేలితో కనిపెట్టేవాడు. నేను ఇంజను శబ్దం విని లోపం చెప్పబోతే నవ్వేవాడు. "చెవులు మూసుకోప్పా. బండి మాట కాలికి వినబడాల."

సెప్టెంబర్ మొదటి వారంలో ఒక పొద్దున నాలుగు బండ్లు వచ్చాయి. అన్నీ ఫోర్ వీల్ డ్రైవ్, అన్నీ కర్ణాటక నంబర్లు. పైన టెంట్లు, పక్కన పారలు. ఆ పారలకు ఇంకా షాపు ప్లాస్టిక్ ఉంది. బెంగళూరు బెళ్ళందూరులో ఆఫీసులట. పది మందిలో ఏడుగురు మనవాళ్ళే, తెలుగువాళ్ళు. పర్మిట్ సరిగ్గా ఉంది. టీ ఇచ్చాం. డ్రైవర్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

"బెంగళూర్లో వానెట్లుండాది? మావైపు రాగి చేన్లు ఎట్లుండాయి?"

"రాగి ఐడియా లేదన్నా. ట్రాఫిక్ అయితే సేమ్" అన్నాడు ఒకతను. అందరూ నవ్వారు. వాళ్ళ బృందానిది ఒక గుండ్రని నారింజరంగు స్టిక్కర్ ఉంది. ఒకటి తీసి డ్రైవర్ చేతికిచ్చారు. ఆయన దాన్ని జీపు డ్యాష్‌బోర్డు మీద అంటించి, అరచేత్తో రెండుసార్లు రుద్దాడు.

నేను బయటికి వచ్చేసరికి సరస్సు ఒడ్డున వీడియో తీసుకుంటూ రాళ్ళు పేరుస్తున్నారు. ఒకటి కాదు, పదీ పన్నెండు గుట్టలు. పరిగెత్తాను. ఆ ఎత్తులో పరిగెత్తకూడదు.

"ఏం చేస్తున్నారు?"

"చిల్ అన్నా. ఒక్కో స్టాక్ ఒక్కో విష్. నాకు ఈసారి మంచి శాలరీ హైక్ రావాలి, వీడికి పెళ్ళి సెట్ కావాలి."

"ఇవి మాకు దారి గుర్తులు. ఇలాంటివి చూసి బండి దించుతాం. కూల్చేయండి. వాగు దగ్గర అసలు రాళ్ళు ముట్టుకోవద్దు."

"అయ్యో, సారీ అన్నా. టోటల్ రెస్పెక్ట్." అతను నాకు సెల్యూట్ కూడా చేశాడు. కాలితో తన్ని అన్నీ పడేశారు. పన్నెండుంబావుకు వెళ్ళిపోయారు.

రెండు గంటలకు మంచు మొదలైంది. ఆ ఏడు మొదటి మంచు.

రేడియో ఆపరేటర్ ఒడియావాడు. ముందు రోజు నుంచి దగ్గుతున్నాడు. మూడు గంటలకు దగ్గితే గులాబీరంగు నురుగ పడింది. ఊపిరితిత్తుల్లో నీళ్ళు. ఆ ఎత్తులో దానికి మందు ఒక్కటే: కిందికి దించడం. పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్ తనే సెట్ ముందు కూర్చున్నారు. హెలికాప్టర్ అడిగారు. కింది నుంచి జవాబు హిందీలో వచ్చింది: "మబ్బు నేలకు దిగింది. ఎగరదు. బండిలో తెండి. చీకటి పడకముందే."

సుబేదార్ సాబ్ మా వైపు తిరిగారు. "తీసుకెళ్ళగలరా?"

"చక్రాలుండాయి కదా సాబ్" అన్నాడు డ్రైవర్ హిందీలోనే.

మూడున్నరకు బయలుదేరాం. వెనక సీట్లో ఆపరేటర్, పక్కన నేను. నా చేతిలో ఆక్సిజన్ సిలిండర్, ఒడిలో అతని తల. చక్రాలకు గొలుసులు. పదిహేను అడుగుల ముందు ఏముందో కనపడటం లేదు. ఒక్కటే అదృష్టం: పొద్దుటి నుంచి మబ్బు కాబట్టి వాగు పొంగలేదు. గట్టి చోట దిగితే మోకాలి లోతు.

ఒడ్డుకు చేరాం. డ్రైవర్ అద్దం దించి తల బయటపెట్టాడు.

"అదిగో గుర్తు."

నేనూ చూశాను. మూడు రాళ్ళు. కింద పెద్దది, నడుమ చిన్నది, పైన పలక. పలక తెల్లగా ఉంది. ఆ రోజు లోకంలో ప్రతి రాయీ తెల్లగానే ఉంది.

కుడిపక్కన చక్రం దించాడు. ఒక బండి పొడవు బాగానే వెళ్ళాం. తర్వాత ముందు చక్రాలు రెండూ గాల్లోకి పోయినట్టయింది. బానెట్ మునిగింది. ఇంజను ఆగిపోయింది. నీళ్ళు డ్రైవర్ తొడల దాకా వచ్చాయి. వెనక భాగం ఇంకా గట్టి నేల మీదే ఉంది. అందుకే ముగ్గురం బతికాం.

డ్రైవర్ తలుపు తోసి వాగులోకి దిగాడు. నేను వెనక నుంచి ఒడ్డుకు దూకి, చేత్తో తిప్పి బండిని లాగే వించ్‌ను బండరాయికి కట్టి, కొక్కెం బండి వెనకకు తగిలించాను. నేను జానెడు లాగితే, జారకుండా ఆయన ముందు చక్రాల కింద ఒక రాయి దోపాలి. మళ్ళీ జానెడు, మళ్ళీ రాయి. నడుములోతు నీళ్ళు. మంచు నుంచి పుట్టి అరగంట కూడా కాని నీళ్ళు.

"అన్నా, మార్చుకుందాం. నువ్వు పైకి రా."

"ఇద్దరి కాళ్ళూ తడిస్తే తొక్కేదెవురు? నువ్వు పొడిగా ఉండు. కిందికి నువ్వే తోలాల."

చేతికందిన రాళ్ళన్నీ అయిపోయాయి. ఆయన ఒడ్డున ఉన్న గుర్తు దగ్గరికి వెళ్ళి దాన్నే విప్పాడు. పలక మీది మంచు తుడిచి, ఒక క్షణం చూసి, నా వైపు తిప్పాడు. సున్నం లేదు. గుండ్రని నారింజరంగు స్టిక్కర్ ఉంది.

"చూడప్పా. మనోళ్ళే."

అంతే అన్నాడు. ఆ పలకను కూడా చక్రం కింద దోపాడు. బండి గట్టెక్కింది.

ఇంజనుకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి నా బనియన్‌తో తుడిచాను. నాలుగోసారికి ఇంజను పట్టింది. అసలు గుర్తు అక్కడికి పన్నెండు గజాల దిగువన ఉంది. పలకకు సున్నం, దానిమీద మంచు. దాని పక్కన దిగితే నీళ్ళు మోకాలి లోతే. నిమిషంలో దాటేశాం.

మిగిలిన పదహారు కిలోమీటర్లు నేను తోలాను. ఆయన పక్క సీట్లో కూర్చుని దారి చెప్పాడు. బండిలో పొడి దుప్పటి ఒక్కటే ఉంది. అది ఆపరేటర్ మీద కప్పించాడు.

"క్లచ్ అంత బేగి ఇడవద్దప్పా. కాలితో విను."

"నీ కాళ్ళెట్లుండాయన్నా?"

"నొప్పే లేదు. బాగుండాయి."

నొప్పి లేకపోవడం అంటే ఏమిటో మాకు మొదటి వారంలోనే నేర్పిస్తారు. ఆయనకూ తెలుసు.

ఆపరేటర్ బతికాడు. పెళ్ళయింది, ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. డ్రైవర్ బూట్లు కోసి తీశారు. చలికి గడ్డకట్టి కుడికాలి వేళ్ళు అయిదూ పోయాయి. ఎడమపాదం సగం పోయింది. విచారణ జరిగింది. నేను చూసింది చూసినట్టు చెప్పాను. రాయి చూపించమన్నారు. రాయి వాగులో ఉంది, వాగు అప్పటికి ఇంకో దారి పట్టింది. కాగితం మీద 'నీటి లోతు అంచనా వేయడంలో డ్రైవర్ పొరపాటు' అని పడింది. ఆ బండ్లవాళ్ళకు ఈ సంగతే తెలియదు. వాళ్ళు ఆ రాత్రికి ఏ హోటల్లోనో వేడినీళ్ళతో స్నానం చేసి ఉంటారు. ఆ సెల్యూట్ చేసినతనికి హైక్ వచ్చే ఉంటుంది.

ఆర్మీలో నా గడువు ముగిసి బెంగళూరు వచ్చాను. జిగణిలో గేర్‌బాక్సులు తయారుచేసే చోట టెస్టింగ్ పని. పని మీద బెళ్ళందూరులోని ఒక ఆఫీసుకు వెళితే రిసెప్షన్‌లో చిన్న ఫౌంటెన్, దాని నడుమ మూడు రాళ్ళు ఒకదానిమీద ఒకటి. మనశ్శాంతికట. వాటిని తీసి పక్కపక్కన పెట్టాను. రిసెప్షనిస్టు వింతగా చూసింది. మరుసటి నెల వెళితే మళ్ళీ పేర్చి ఉన్నాయి. మళ్ళీ తీశాను. ఎన్నిసార్లు పేర్చినా తీస్తాను.

"అవి జస్ట్ రాళ్ళు బ్రో" అన్నాడు ఒక సహోద్యోగి. అతనూ కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నాడు. దారి చెప్పమంటాడు. టైర్లలో గాలి ఎంత ఉంచాలి, ఏ నెల మంచిది, నెట్‌వర్క్ ఉంటుందా అని అడుగుతాడు. అక్కడ దేన్ని ముట్టుకోకూడదో ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. నాలుగు చక్రాలు తిరిగినంత మాత్రాన ఆ నేల మీ సొంతం కాదు. అక్కడ పడి ఉన్నట్టు కనిపించే రాయిని కూడా ఎవడో చన్నీళ్ళలో దిగి, వెతికి, ఇంకొకడి కోసం పెట్టి ఉంటాడు.

పోయిన నెల ముళబాగిలు వెళ్ళాను. ఆయన ఇల్లు హైవే పక్క మిట్ట మీద ఉంది. అరుగు మీద కూర్చుని ఉన్నాడు, కాళ్ళకు లావు మేజోళ్ళు.

"బెంగళూర్లో సగం చెప్పు సగం రేటుకి ఇస్తారేమో కనుక్కోప్పా" అన్నాడు.

ఆ బండ్లవాళ్ళ వీడియో ఎక్కడైనా దొరుకుతుందేమో వెతుకుతున్నానని చెప్పాను.

"దొరికితే ఏం చేస్తావు?"

"వాళ్ళు చేసింది వాళ్ళకే చూపిస్తాను. నీ కాళ్ళు ఫోటో తీసి పంపిస్తాను."

"సుమ్నే, ఊరికే కూర్చో" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

అప్పుడు కింద హైవే మీద లోడు లారీ ఒకటి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. ఇంజను ముక్కింది. అక్కడ గేరు మార్చక తప్పదు. ఆయన లారీని చూడటం లేదు, నాతో రాగి పంట గురించి చెబుతున్నాడు. కానీ లారీ గేరు మారే ముందు, ఎవరూ చెప్పకుండానే, మేజోడులోని ఆ సగం పాదం అరుగు బండను మెల్లగా కిందికి తొక్కింది. గేరు పడ్డాక మెల్లగా వదిలింది.

తర్వాత ఇంకో లారీ వచ్చింది. పాదం మళ్ళీ తొక్కింది.